మొదటి సబ్బు గిన్నెల కోసం: ఇంట్లో సబ్బు చేయడం, వాడడం

మొదటిసారి ఒంటి సబ్బు చేయకండి. గిన్నెలకో బట్టలకో చేయండి. తూకంలో కాస్త తేడా వస్తే కడాయి ఏమీ అనదు, చర్మం ఊరుకోదు. పైగా గిన్నెల సబ్బుకు కావలసిన ముఖ్యమైన సరుకు ఇప్పటికే మీ వంటింట్లో ఉంది: గారెలు, బజ్జీలు, అప్పడాలు వేయించగా మిగిలిన నూనె. పండగ మర్నాడు ఆ నూనెను ఏం చేయాలో ఎవరికీ తోచదు. సింకులో పోస్తే గొట్టంలో పేరుకుంటుంది, మళ్లీ మళ్లీ కాచి వాడితే ఒంటికి చేటు. వేపుడు నూనెలో పోలార్ పదార్థాలు (నూనె పదేపదే కాగి చెడినప్పుడు పుట్టేవి) 25 శాతం దాటితే వంటకు వాడకూడదని దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 జులై నుంచి నిబంధన అమల్లో పెట్టింది. ఇంట్లో ఆ శాతం కొలవలేం. నూనె నల్లబడి, జిగురుగా మారి, కాగీ కాగకముందే పొగ వస్తుంటే ఇక దాన్ని తిండికి వాడొద్దు. సబ్బుకు అది నిక్షేపంగా పనికొస్తుంది.

బజారులో దొరికే సోప్ బేస్ ముక్కలు కరిగించి, రంగూ సువాసనా కలిపి అచ్చులో పోసే పద్ధతి గురించి కాదు ఇది. అది సెలవుల్లో పిల్లలతో కాలక్షేపానికి బాగుంటుంది, కానీ అక్కడ సబ్బు ఎవరో ముందే చేసిపెట్టారు, మనం ముస్తాబు చేస్తున్నామంతే. ఇక్కడ చెప్పేది నూనె, నీళ్లు, కాస్టిక్ సోడా ఈ మూడింటితో మొదటి నుంచీ చేసుకునే పని.

తూకం దగ్గరే అంతా ఉంది

"ఒక గ్లాసు నూనెకు రెండు చెంచాల సోడా" అని చెప్పే వీడియో కనబడితే అక్కడే ఆపేయండి. కాస్టిక్ సోడా పెచ్చులుగా దొరుకుతుంది, గుళికలుగా దొరుకుతుంది, పొడిగానూ దొరుకుతుంది. ఒక్కో రకం చెంచాకు ఒక్కో బరువు పడుతుంది. నూనె సంగతీ అంతే. లీటరు నూనె కిలో తూగదు, 910, 920 గ్రాముల దగ్గర ఉంటుంది. అందుకని ఒక్క గ్రాము తేడాను కూడా చూపించే వంటింటి ఎలక్ట్రానిక్ కాటా లేకుండా ఈ పనికి దిగొద్దు. నీళ్లు కూడా కాటా మీదే తూయాలి.

కాటా ఎందుకంటే, ఒక్కో నూనె ఒక్కోలా సోడా తాగుతుంది. 100 గ్రాముల కొబ్బరి నూనె పూర్తిగా సబ్బుగా మారడానికి సుమారు 18.3 గ్రాముల సోడా పడుతుంది. పామాయిల్‌కు 14.2 గ్రాములు చాలు. పొద్దుతిరుగుడు, వేరుశనగ నూనెలకు 13.5 అటూ ఇటూ, తవుడు నూనెకు 13.3, ఆముదానికి 12.8. అంటే వేరుశనగ నూనెకు కొబ్బరి నూనె లెక్కన సోడా వేస్తే మూడో వంతు పైగా ఎక్కువ పడుతుంది. ఆ మిగిలిన సోడా సబ్బులోనే ఉండిపోయి చేతులు కొరుకుతుంది. అటు తప్పే కన్నా ఇటు తప్పడం నయం గనక, లెక్క ప్రకారం వచ్చిన సోడాలో ఎప్పుడూ ఓ 5 శాతం తగ్గించి వేస్తారు. అప్పుడు మిగిలేది కొంచెం నూనె, దానితో నష్టం లేదు.

వేపుళ్ల నూనె ఒక్కదానితోనే చేస్తే సబ్బు మెత్తగా, నురగ తక్కువగా వస్తుంది. కొబ్బరి నూనె కలిస్తే గట్టితనమూ వస్తుంది, జిడ్డు విడిచే గుణమూ వస్తుంది. మొదటిసారికి ఈ కొలత చాలు:

వాడిన నూనె 350 గ్రాములు
కొబ్బరి నూనె 150 గ్రాములు
కాస్టిక్ సోడా 71 గ్రాములు
నీళ్లు 150 గ్రాములు

మీ వాడిన నూనె పొద్దుతిరుగుడు అయినా, వేరుశనగ అయినా, తవుడు నూనె, పామాయిల్ లేదా వాటి కలగలుపు అయినా ఈ 71 గ్రాములు సురక్షితమే. ఆవనూనె మాత్రం ఇంకా తక్కువ సోడా తాగుతుంది, దానికి ఈ లెక్క వాడకండి. నూనెలు మార్చిన ప్రతిసారీ నెట్‌లో ఉచితంగా దొరికే సబ్బు క్యాలిక్యులేటర్‌లో అంకెలు వేసి చూసుకోవాలి. ఒకటికి రెండు చోట్ల చూసుకుంటే మరీ మంచిది.

సామాను, సోడా, జాగ్రత్త

సోడా కలిపే గిన్నె స్టీలుదే కావాలి. సత్తు గిన్నె, అదే కొందరు సిల్వర్ గిన్నె అంటారే, అది ససేమిరా పనికిరాదు. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేసి హైడ్రోజన్ వాయువు పుట్టిస్తుంది, గిన్నె పొంగి పొర్లుతుంది. గాజు కూడా వద్దు, వేడికి ఎప్పుడు పగులుతుందో చెప్పలేం. అడుగున త్రికోణంలో 5 అంకె ఉండే గట్టి ప్లాస్టిక్ మగ్గు ఫరవాలేదు. ఇవి కాక ఒక స్టీలు గరిట, హ్యాండ్ బ్లెండర్, అచ్చుగా ఖాళీ జ్యూస్ డబ్బా గానీ బటర్ పేపర్ పరిచిన ప్లాస్టిక్ డబ్బా గానీ కావాలి. సబ్బుకు వాడిన సామాను మళ్లీ వంటకు తేవద్దు. కవ్వంతో చేద్దామనుకుంటే చేయొచ్చు, చేయి పడిపోయేదాకా చిలకాలి, ఆ కవ్వం ఇక మజ్జిగకు పనికిరాదు.

కాస్టిక్ సోడా కెమికల్స్ అమ్మే దుకాణంలో అడగండి. పొట్లం మీద సోడియం హైడ్రాక్సైడ్ అని స్పష్టంగా ఉండాలి. బట్టల సోడా వేరు, తినే సోడా వేరు, ఆ రెండింటితో నూనె సబ్బు కాదు. సింకు గొట్టాలు శుభ్రం చేసే పొడుల్లో సోడాతో పాటు వేరే సరుకులు, ఒక్కోదాంట్లో అల్యూమినియం ముక్కలు కూడా ఉంటాయి కాబట్టి అవీ వద్దు. సోడా గాలిలోని తేమను ఇట్టే పీల్చేస్తుంది. కోస్తా ఊళ్లలో మూత తీసి పెడితే కాసేపట్లోనే చెమ్మ పట్టి గడ్డ కడుతుంది. గడ్డకట్టిన సోడాను తూస్తే అందులో నీటి బరువూ కలిసి వస్తుంది, మీ 71 గ్రాములు నిజానికి 71 కావు. కొత్త పొట్లం తెచ్చి, కావలసినంత తూసి, మిగిలింది బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పోసి, పెద్ద అక్షరాలతో పేరు రాసి, పిల్లలకు అందని చోట తాళం వేయండి. నీళ్ల సీసాలో, ఉప్పు డబ్బాలో ఎట్టి పరిస్థితుల్లోనూ పోయకండి. చూడటానికి రాళ్ల ఉప్పులాగే ఉంటుంది.

చేతులకు రబ్బరు గ్లౌజులు, ఒంటికి పొడుగు చేతుల నూలు చొక్కా, కాళ్లకు బూట్లు ఉండాలి. కళ్లకు పక్కల నుంచి కూడా మూసుకునే గాగుల్స్ పెట్టుకోండి, చూపు కళ్లద్దాలు చాలవు. పిల్లలు బడికి వెళ్లిన వేళ చూసుకోండి. చర్మం మీద చుక్క పడితే కుళాయి కింద ధారగా కనీసం పావుగంట కడగాలి. నిమ్మరసం, వెనిగర్ రుద్దడం తప్పు, పుండు ఇంకా పెరుగుతుంది. కంట్లో పడితే అలాగే నీళ్లతో కడుగుతూ ఆసుపత్రికి. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి. దిగేటప్పుడు కాల్చినదే ఎక్కేటప్పుడు మళ్లీ కాలుస్తుంది. నోరు కడిగించి వెంటనే 108కి ఫోన్ చేయండి.

చేసే వరస

1. ముందురోజే నూనెను సిద్ధం చేయండి. పల్చటి పాత నూలుగుడ్డతో వడకట్టి, సమానంగా నీళ్లు, ఓ చెంచా ఉప్పు కలిపి కాసేపు సన్నసెగ మీద మరిగించి దించండి. చల్లారాక మసాలా తుక్కు, మాడు నీళ్లలోకి దిగుతాయి, నూనె పైకి తేలుతుంది. దాన్ని మెల్లగా వంపుకుని మళ్లీ వడకట్టండి. రంగు కొంత విరుగుతుంది, వాసన చాలావరకు పోతుంది. చేపలు వేయించిన నూనె వాసన మాత్రం ఎన్నిసార్లు కడిగినా పూర్తిగా పోదు. దాంతో చేసిన సబ్బును బాత్రూమ్ నేల తోమడానికి వాడుకోవచ్చు.

2. బాల్కనీలోనో పెరట్లోనో గాలి తగిలే చోట కూర్చోండి. గిన్నెలో 150 గ్రాముల చల్లటి నీళ్లు పోయండి. విడిగా పొడి డబ్బాలో 71 గ్రాముల సోడా తూయండి. నీళ్లలో సోడాను కొద్దికొద్దిగా వేస్తూ కలపండి. నీళ్లలో సోడా వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు. పోస్తే ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. సరిగ్గా కలిపినా ద్రావణం చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది, మొదట్లో ఘాటు ఆవిరి వస్తుంది. మొహం పక్కకు తిప్పుకుని కలపండి. తేటపడ్డాక పక్కన పెట్టి గోరువెచ్చగా అయ్యేదాకా ఆగండి.

3. నూనెలు రెండూ తూసి పెద్ద స్టీలు గిన్నెలో కలపండి. చలికాలంలో కొబ్బరి నూనె పేరుకుని ఉంటే ముందు కరిగించి అప్పుడు తూయండి. గిన్నె బయట చేత్తో తాకితే రెండు గిన్నెలూ దాదాపు ఒకే గోరువెచ్చగా ఉండాలి. థర్మామీటర్ ఉంటే 40 డిగ్రీల దగ్గర చూసుకోండి.

4. సోడా నీళ్లను సన్నటి ధారగా నూనెలో పోయండి. బ్లెండర్‌ను పూర్తిగా ముంచి, కాసేపు తిప్పి, ఆపి, ఆపినప్పుడు దాంతోనే మెల్లగా కలియబెట్టండి. బ్లెండర్ తల నూనెలో పూర్తిగా మునిగి ఉన్నప్పుడే ఆన్ చేయాలి, లేకపోతే చిందుతుంది. మిశ్రమం పాలరంగుకు తిరిగి, దోసెల పిండిలా చిక్కబడి, పైనుంచి జారవిడిచిన ధార కొద్దిసేపు గీతలా నిలిస్తే చాలు. సబ్బు చేసేవాళ్లు దీన్నే ట్రేస్ అంటారు. బ్లెండర్‌తో కొన్ని నిమిషాల్లో వస్తుంది. వాడిన నూనె ఒక్కోసారి ఎక్కువసేపు సతాయిస్తుంది, కంగారుపడి ఇంకాస్త సోడా వేయకండి.

5. అచ్చులో పోసి, అచ్చును నేలకు రెండుసార్లు తట్టి గాలి బుడగలు పోగొట్టి, కదపకుండా ఒక రోజు ఉంచండి. అచ్చు లోపల సబ్బు దానంతట అదే వేడెక్కుతుంది, మధ్యలో రంగు ముదురుతుంది. అది మామూలే.

6. ఒకటి రెండు రోజుల్లో, జున్ను ముక్కలా నిలిచే గట్టితనం వచ్చాక గ్లౌజులతోనే తీసి బిళ్లలుగా కోయండి. ఒకదానికొకటి తగలకుండా, గాలి ఆడే చోట, ఎండ తగలని అటక మీద నాలుగు వారాలు ఆరనివ్వండి. వానాకాలంలో ఇంకా ఎక్కువే పడుతుంది. పైన తెల్లటి పొడి పొరలా వస్తే అది గాలి తగిలి ఏర్పడిన బట్టల సోడా పొర, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

సబ్బు అంటిన గిన్నెలను వెంటనే కడగొద్దు. కాగితంతో తుడిచేసి ఓ రోజు వదిలేయండి. గిన్నెకు అంటిందంతా ఈలోపు సబ్బుగా మారుతుంది, మర్నాడు నీళ్లు తగిలించగానే నురగతో శుభ్రమవుతుంది. పచ్చి మిశ్రమాన్ని కడిగితే జిడ్డంతా మళ్లీ అదే సింకు గొట్టంలోకి.

బాగా వచ్చిందా లేదా

పసుపు నీళ్లు చుక్క వేసి ఎర్రబడితే సోడా ఎక్కువైనట్టు అని కొందరు చెబుతారు. అది లెక్కలోకి రాదు. సున్నం తగిలి పసుపు పారాణిగా ఎర్రబడినట్టే, ఎంత మంచి సబ్బు తగిలినా పసుపు ఎర్రబడుతుంది. సబ్బు ఎప్పుడూ క్షారమే. పప్పు మరక పడిన చొక్కాను ఉతికితే మరక ఒక్కసారి ఎర్రగా తిరిగేది కూడా అందుకే. (ఆ మరకతో కుస్తీ పట్టకండి, ఉతికి ఎండలో వేయండి. పసుపు రంగు ఎండకు విరుగుతుంది.) సబ్బు తయారీదారులు వాడే పరీక్ష ఇంకోటి ఉంది. ఆరిన బిళ్లను తడివేలితో రుద్ది, ఆ వేలిని నాలుక కొసకు తాకించి చూస్తారు. సబ్బు రుచి వస్తే సరే, చిన్న కరెంటు షాక్‌లా చురుక్కుమంటే సోడా మిగిలిపోయినట్టు. రెండో వారం తర్వాతే చేయండి, చేసి నోరు కడుక్కోండి. చురుక్కుమనడం నాలుగు వారాలకీ తగ్గకపోతే ఆ బిళ్లలను గ్లౌజులతో నేల తోమడానికే ఉంచండి.

బిళ్ల మీద నూనె మడుగు కట్టిందంటే సరిగా కలవలేదనో, సోడా తక్కువైందనో అర్థం. బిళ్లలో తెల్లటి గట్టి పలుకులు కనిపిస్తే అది కరగని సోడా కావచ్చు, దాన్ని వాడొద్దు.

ఒంటి సబ్బు

చేయి తిరిగాక ఉత్త కొబ్బరి నూనెతో చేయండి: కొబ్బరి నూనె 500 గ్రాములు, సోడా 73 గ్రాములు, నీళ్లు 165 గ్రాములు. పూర్తి లెక్క ప్రకారం సోడా 91 గ్రాములు దాటాలి, ఇక్కడ దాదాపు 20 శాతం తగ్గించాం. కొబ్బరి సబ్బు మురికిని ఎంత బాగా వదిలిస్తుందో చర్మంలోని నూనెను కూడా అంత బాగా లాగేస్తుంది, అందుకే బిళ్లలో కొంత నూనె మిగలాలి. పద్ధతి అదే, ఒక్క తేడా తప్ప: ఇది చాలా త్వరగా గట్టిపడుతుంది. నాలుగైదు గంటల్లోనే కోసేయాలి. రేపు చూద్దామని వదిలేస్తే కత్తి పెట్టగానే పెళుసుగా విరిగిపోతుంది. వేసవిలో అచ్చు మీద దుప్పట్లు కప్పకండి, ఉన్న వేడే ఎక్కువ. ఈ సబ్బుకు ఇంకో గుణం ఉంది. ఉప్పు నీళ్లలోనూ నురగ ఇస్తుంది. పూర్వం సముద్రం మీద తిరిగేవాళ్లు కొబ్బరి సబ్బు వాడింది అందుకే.

వేపాకు ముద్ద, గులాబీ రేకులు, తేనె, పాలు మొదటిసారే వేయాలని ఉబలాటపడకండి. పచ్చి ఆకు బిళ్లలో గోధుమరంగుకు తిరుగుతుంది, తేమ ఉంటే బూజు పడుతుంది. పాలు, తేనెల్లోని చక్కెర వేడెక్కి మాడుతుంది. నిమ్మరసం వేస్తే పులుపు సోడాను తినేసి తూకం లెక్క మొత్తం చెడగొడుతుంది. సువాసన కావాలంటే నిమ్మగడ్డి నూనె ఈ కొలతకు 10 గ్రాములు, ట్రేస్ వచ్చాక కలపండి. పసిపిల్లలకు చేసే సబ్బులో అదీ వద్దు.

ఎక్కడ వాడాలి, ఎక్కడ వద్దు

గిన్నెల సబ్బును పీచుతో రుద్ది నేరుగా వాడొచ్చు. స్టీలు, ఇనప కడాయి మీది జిడ్డు బ్రహ్మాండంగా వదులుతుంది. సత్తు గిన్నెలు మాత్రం క్షారానికి నల్లబడతాయి. బట్టలకైతే 100 గ్రాముల బిళ్లను తురిమి లీటరు వేడినీళ్లలో కరిగించి పెట్టుకోండి, చల్లారాక జావలా పేరుకుంటుంది, బకెట్‌కు ఒక గరిటెడు చాలు. బోరు నీళ్లయితే ముందు బకెట్‌లో రెండు చెంచాల బట్టల సోడా వేసి కలిపి, పది నిమిషాలాగి, అప్పుడు సబ్బు వేయండి. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడతాయి. ఆ తెట్టే తెల్లబట్టలను మాసిన రంగుకు తెస్తుంది. ముందే బట్టల సోడా పడితే ఆ గొడవ దాంతోనే తీరిపోతుంది, సబ్బు మురికి కోసం మిగులుతుంది. మీ నీళ్లు మరీ కఠినమైతే వాషింగ్ మెషీన్‌లో ఇంటి సబ్బు వాడకండి, తెట్టు డ్రమ్ములో పేరుకుంటుంది.

పట్టుచీరలు, ఉన్ని బట్టలు సబ్బుకు ఇవ్వకండి. పట్టూ ఉన్నీ క్షారానికి పాడవుతాయి. వాటికి కుంకుడు రసమే సరి. పదిహేను ఇరవై కాయలు చితక్కొట్టి, గింజలు తీసేసి, అరలీటరు వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున పావుగంట మరిగించి, పిసికి వడకట్టండి. బంగారు నగలకు, తలకు కూడా ఇదే, కంట్లో పడకుండా చూసుకోవాలి. బయట ఉంచితే రెండో రోజుకే పులుస్తుంది, ఫ్రిజ్‌లో ఓ వారం నిలుస్తుంది. కుంకుడు రసంతో మాడిన కడాయి కూడా తళతళలాడుతుందని చెప్పేవాళ్ల మాట నమ్మకండి, అంత జిడ్డు దానివల్ల కాదు. గిరిజన కార్పొరేషన్ దుకాణాల్లో కుంకుడుకాయలు, శీకాయ దొరుకుతాయి.

బాత్రూమ్ కుళాయిల మీద, టైల్స్ మీద పేరుకున్న తెల్లటి గార సబ్బుకు లొంగదు, కొంత సబ్బు వల్లే వచ్చింది కూడా. లీటరు నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి రాసి, కాసేపుంచి తోమితే వదులుతుంది. పాలరాతి గచ్చు మీద మాత్రం పులుపేదీ పడనివ్వకండి, మచ్చ పడి మెరుపు పోతుంది. సబ్బు, నిమ్మ ఉప్పు రెండూ కలిపి వాడటం దండగ. పులుపు తగలగానే సబ్బు విరిగి మళ్లీ జిడ్డుగా మారుతుంది. ఇంతకన్నా ముఖ్యమైనది: బ్లీచింగ్ పౌడర్ వేసిన చోట నిమ్మ ఉప్పు గానీ, టాయిలెట్ యాసిడ్ గానీ పోయకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన చిన్న బాత్రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది.

చేతులు కడుక్కోవడానికి ఇంటి సబ్బు భేషుగ్గా పనిచేస్తుంది. వైరస్‌ల కొవ్వు పొరను విడగొట్టడానికి, క్రిములను చర్మం నుంచి వదిలించడానికి ప్రత్యేక మందులేవీ కలపక్కర్లేదు, ఇరవై సెకన్లు రుద్దడం కావాలి. ఇంటి బిళ్లలో గ్లిజరిన్ అలాగే ఉండిపోతుంది కాబట్టి నీళ్లు నిలిచే పెట్టెలో పెడితే రెండ్రోజుల్లో ముద్దవుతుంది. అడుగున చిల్లులున్న పెట్టె వాడండి, లేదా పాత వల సంచిలో వేసి కుళాయికి వేలాడదీయండి.

బిళ్లలు బాగా వస్తున్నాయని అమ్మకానికి దిగాలనుకుంటే ఒంటి సబ్బు చట్టం దృష్టిలో కాస్మెటిక్ అని గుర్తుంచుకోండి. 2020 కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగం లైసెన్సు ఉండాలి. చుట్టపక్కాలకు ఊరికే పంచడానికి ఆ తతంగం అక్కర్లేదు గానీ, పొట్లం మీద చేసిన తేదీ, వాడిన నూనెల పేర్లు రాసి ఇవ్వండి. తీసుకున్నవాళ్లలో ఎవరికైనా వేరుశనగ పడకపోవచ్చు.